నాకు పని నేర్పిన కాకకే నేను పని చెప్పాలంటే ఎట్లా?

ఉత్తరం పెద్దది, కుదించి పెడుతున్నాను. రాసిన తమ్ముడికి 29 ఏళ్లు. వరంగల్ శివారులో ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసి దూది చేసే మిల్లులో, ఆరేళ్లు ఫిట్టర్‌గా చేశాడు, మొన్నటి దసరా తర్వాత సేటు పిలిచి షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశాడు. పేరు, మిల్లు పేరు వద్దన్నాడు.

"అన్నా, నాకు పానా పట్టుడు నేర్పిందే మా కాక. సొంత కాక కాదు, మిల్లుల అందరం అట్లనే పిలుస్తం. ఆయనకు యాభై దాటినయ్. ఇప్పుడు ఆయనకే నేను పని చెప్పాలె. చెప్తే 'సరే సారూ' అంటడు, అరగంట దాకా లేవడు. మొన్నటిదాకా భుజం మీద చెయ్యేసిన దోస్తులు నన్ను వదిలేసి వేరే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నరు. జాతరకు షిఫ్ట్‌ల సగం మంది చెప్పకుండనే పోయిండ్రు. పోయిన వారం ఒక మెషిన్ రోలర్ పాడైంది, ఎవలను అడిగినా 'నాకు తెల్వది' అన్నరు. సేటు కోపంల అందరి కూలిల 500 చొప్పున కోసిండు, నన్ను అందరి ముందటనే తిట్టిండు. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి ఎన్ని బేళ్లు అయినయ్ అంటడు. గట్టిగ ఉండాల్నా, మెత్తగ ఉండాల్నా సమజైతలేదు. మళ్ల ఫిట్టర్ పనికే పోదామనిపిస్తున్నది."

తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాక గురించి పేజీ రాశావు, సేటు గురించి అరపేజీ, పాడైన రోలర్ గురించి మాత్రం రెండు మూడు ముక్కలు. నాకు టెన్షన్ పట్టుకున్నది ఆ ముక్కల దగ్గరే. దోస్తులు దూరమైతే బాధే, కాక ఆలస్యంగా లేస్తే చికాకే, కానీ రోలర్ ఒక్క నిమిషంలో పాడవ్వదు కదా, సప్పుడు మారుతుంది, వాసన వస్తుంది, గింజకు దూది అంటుకునే బయటికొస్తుంది, ఇవన్నీ కనీసం ముగ్గురు చూసి ఉంటారు, ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా నీ దగ్గరికి రాలేదు. ముందు చూడాల్సింది ఇదే.

నా కథ ఒకటి చెప్తా. గొప్పగా చెప్పుకునేది కాదు. 1998లో నేను నీ వయసువాణ్నే, నీలాగే కొత్త ఇన్‌చార్జిని, పక్క జిల్లాలో ఒక మిల్లు. పత్తి అందించే దగ్గర ఒక పిల్లగాడుండేవాడు, పందొమ్మిదో ఇరవయ్యో. ఒకరోజు మెషిన్‌లో ఏదో టక్కుమందని ఆపేశాడు. విప్పి చూస్తే ఏమీ లేదు. ఆ పూట సేటు నా మీద కోపంగా ఉన్నాడు, ఆ కోపం తీసుకెళ్లి వాడి మీద పోశాను. పదిమంది చూస్తుండగా "ఈ పది నిమిషాల లాస్ మీ అయ్య కడతడా" అన్నాను. ఎంత గట్టిగా ఉన్నానో అని ఆ రాత్రి నాకు నేనే మురిసిపోయాను కూడా. ఆ తర్వాత మూడు వారాలు మెషిన్లు ఒక్కసారి కూడా ఆగలేదు. నేనేమనుకున్నాను? షిఫ్ట్ గాడిలో పడ్డదనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి పత్తిలో ఇనుపముక్క వచ్చింది. అదే పిల్లగాడు, అదే టక్కుమనే సప్పుడు. వాడు విన్నాడు. విని, చెయ్యి స్విచ్ దాకా పోయి, నా వైపు చూశాడట, నేను ఎవరితోనో మాట్లాడుతున్నాను, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిప్పురవ్వ దూదితోపాటు గాలిగొట్టంలో కొట్టుకుపోయి దూది గదిలో పడింది. జిన్నింగ్‌లో ఉన్నవాడివి, తర్వాత ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ప్రాణాలు పోలేదు, అంతే అదృష్టం. నొక్కి కట్టేసిన బేళ్లు కూడా లోపల్లోపల రాజుకుంటూనే ఉంటాయి కాబట్టి వాటిని బయటికి ఈడ్చి, దూరం దూరంగా పెట్టి, రోజుల తరబడి కాపలా కాశాం. ఆ కాపలాలోనే వాడు చెప్పాడు. "సప్పుడు ఇన్న సార్, మల్ల తిడ్తవని ఊకున్న."

ఆ మిల్లుకు నిప్పు పెట్టింది ఇనుపముక్క అని రిపోర్టులో రాశారు. నా లెక్కలో మాత్రం మూడు వారాల కింద నేనన్న ఆ ఒక్క మాట.

అందుకే చెప్తున్నా, ఇన్‌చార్జి పని అంటే చెడు కబురు నీ దాకా తొందరగా వచ్చేలా చూసుకోవడం. బేళ్ల లెక్క, డ్యూటీ చార్టు, సేటుతో మాటలు అన్నీ ఉంటాయి, కాదనను, కానీ పొగ రాకముందే నీ చెవిన వేసేవాడు లేకపోతే మిగతావన్నీ ఎంత చక్కగా చేసినా ఏం లాభం? గట్టిగానా, మెత్తగానా అని అడిగావు. నీ ముందు నోరు విప్పడానికి ఎవడైనా భయపడుతున్నాడా అని అడుగు, దానికి జవాబు దొరికితే ఇది దానంతటదే తేలుతుంది.

రేపటి నుంచే మార్చగలిగేది ఒకటుంది. ఏదైనా పాడైనప్పుడు మనవాళ్ల నోట్లోంచి మొదట వచ్చే ప్రశ్న "ఎవలు చేసిండ్రు?" ఆ ప్రశ్నకు మనిషి దగ్గర ఉండే జవాబు ఒక్కటే, "నాకు తెల్వది." నువ్వు "ఎప్పటిసంది ఇట్ల సప్పుడొస్తున్నది?" అని అడుగు. ఈ ప్రశ్నకు ఎవడూ దొరికిపోడు కాబట్టి నోళ్లు తెరుచుకుంటాయి, ఒకడు "మొన్న నైట్‌ల నుంచి" అంటాడు, ఇంకొకడు "కాదు, ఆ తడి పత్తి లారీ వచ్చినకాడి నుంచి" అంటాడు, పావుగంటలో నీకు అసలు సంగతి తెలుస్తుంది. ఎవరు చేశారన్నది కావాలంటే ఆ తర్వాత అడుగు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అడగాల్సిన పనే ఉండదు, నా అనుభవం.

జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో దీనికోసం ఏకంగా తాడే కట్టారు. లైన్ మీద పనిచేసే ఎవరికైనా తేడా కనిపిస్తే తాడు లాగాలి, బోర్డు మీద లైటు వెలుగుతుంది, లీడర్ పరుగెత్తుకొస్తాడు, ఇద్దరూ కలిసి సరిచేయలేకపోతే లైన్ ఆగిపోతుంది. మేనేజరో ఇంజనీరో అక్కర్లేదు, మామూలు కార్మికుడు లాగితే చాలు. అంత పెద్ద కంపెనీకి లైన్ ఆగితే నష్టం లేదా? ఉంది. దాచిపెట్టిన తప్పు దానికంటే ఖరీదని లెక్కేసుకున్నారు. మీ మిల్లులో తాడు కట్టలేవు, కానీ ఎవడైనా అనుమానంతో మెషిన్ ఆపితే, లోపల ఏమీ లేకపోయినా, ముఖ్యంగా ఏమీ లేనప్పుడే, "మంచిగ జేసినవ్, చూద్దాం పా" అనగలవు. ఒక్కసారి అని చూడు, టీ తాగే టైముకల్లా షిఫ్ట్ అంతా పాకుతుంది.

ఇక కాక. "సారూ" అన్న ఆ ఒక్క మాటలోనే ఆయన బాధంతా ఉంది, నువ్వు దాన్ని వెటకారం అనుకుంటున్నావు. ఒకటి అడుగుతాను, ఆయనకు ఎందుకివ్వలేదో, నీకు ఎందుకిచ్చారో ఎవరైనా ఆయనకు చెప్పారా? సేటు చెప్పి ఉండడు. సేట్లు ఇలాంటివి చెప్పరు. పొద్దున బోర్డు మీద పేరు రాసేసి కార్లో వెళ్లిపోతారు. ఇరవై ఏళ్లు మెషిన్ల మధ్య బతికిన మనిషికి తను పానా అందించి నేర్పిన పిల్లగాడు ఇన్‌చార్జి అన్న సంగతి బోర్డు చూసి తెలిస్తే ఎలా ఉంటుందో కాసేపు నువ్వు ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆలోచించు.

షిఫ్ట్ మొదలవకముందు ఒక్కడివే ఆయన దగ్గరికి పో. గేటు బయట చాయ్ బండి దగ్గరైతే ఇంకా మంచిది, ఆఫీసు గదిలోకి మాత్రం పిలవకు. కాక అనే పిలువు, ఆ పిలుపు మార్చావంటే అంతే సంగతులు. పొగడకు, ఏడవకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. "కాకా, ఈ పని నేను అడుక్కున్నది కాదు, వచ్చింది. నీకు బాధైందని నాకు ఎరుకే. మెషిన్ ఎప్పుడు విప్పాలె, ఎట్ల బిగించాలె, అది నువ్వే చెప్పు, నేను మధ్యల రాను. ఎవలు ఏ మెషిన్ మీద ఉండాలె, ఏది ముందు ఏది ఎనుక, అది నేను చెప్త, అందరి ముందట నువ్వు కాదనద్దు. తప్పనిపిస్తే పక్కకు పిలిచి తిట్టు, పడ్త." ఇంతే. చెప్పేసి ఊరుకో, ఆయన అప్పటికప్పుడు మెత్తబడాలని ఎదురుచూడకు. మా తరం మగవాళ్లం రెండు మూడు రోజులు మొహం ముడుచుకుంటేగానీ మామూలవ్వం.

నువ్వు చేస్తున్న తప్పు ఇంకోటి నీ ఉత్తరంలోనే బయటపడింది. "ఆయన లేవకపోతే నేనే పోయి బిగించేస్తున్న" అని రాశావు. అది మానెయ్. ఫిట్టర్ చెయ్యి ఊరుకోదు, పానా కనిపిస్తే పట్టుకుంటుంది, నాకు తెలుసు, నాకూ మానడానికి రెండు సీజన్లు పట్టింది. నువ్వు ఒక మెషిన్ కింద దూరి ఉన్నంతసేపు మిగతావి ఎవరు చూస్తున్నారు? పైగా నువ్వు బిగించిన ప్రతిసారీ కాకకు నువ్వు చెప్పకుండా చెప్తున్నది ఏమిటి, నీ అవసరం లేదు అనే కదా. కొత్త పిల్లల్ని ఇద్దరిని ఆయన చేతికి అప్పగించు. రోలర్‌కు గాట్లు పెట్టడం, నైఫ్ సర్దడం ఆయనే నేర్పించాలని, అది ఆయన బాధ్యతేనని సేటు ముందు చెప్పు, కాక కూడా అక్కడ ఉన్నప్పుడు చెప్పు.

అయినా లేవకపోతే? మామూలు పనికి అరగంట ఆలస్యమైతే కొన్నాళ్లు మింగు. భద్రత పనికి ఆలస్యమైతే మింగకు, అప్పుడు కాక అని చూడకు. నేను నా షిఫ్ట్‌లో మూడింటి మీద మాత్రం రాయిలా ఉండేవాణ్ని: లోపల బీడీ, అగ్గిపెట్టె; తిరుగుతున్న మెషిన్‌లో చెయ్యి పెట్టడం; పాడైంది తెలిసీ దాచడం. ఈ మూడు తప్ప మిగతావాటిలో పట్టూ విడుపూ. ఫోన్ చూశాడా, రెండు నిమిషాలు ఎక్కువ కూర్చున్నాడా, ఇలాంటివన్నీ లెక్కపెట్టేవాడికి ఆ మూడింటి మీద అరవడానికి గొంతు మిగలదు.

వాట్సాప్ గ్రూపు సంగతి వదిలెయ్. నిన్ను తిట్టుకోవడానికి వాళ్లకూ ఒక చోటు కావాలి. మనం ఫిట్టర్లుగా ఉన్నప్పుడు ఇన్‌చార్జిని తిట్టుకోలేదా, గ్రూపు లేదు గనక కల్లు దుకాణంలో తిట్టుకున్నాం.

జాతర విషయంలో తప్పు పూర్తిగా నీదే, ఏమనుకోకు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, అంటే మిల్లుల నిండా పత్తి ఉన్నప్పుడే. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. తేదీలు నెలల ముందే ప్రకటిస్తారు. మన దగ్గర మనిషి పెళ్లికి రాకపోయినా అమ్మవార్లకు బెల్లం ఇవ్వడం మాత్రం ఆపడు, అందులోనూ మొక్కు ఉన్నవాడైతే సెలవు ఇవ్వనంటే పని మానేసి పోతాడు. చెప్పకుండా పోయారు అంటున్నావు, నువ్వు అడిగావా? అడిగితే ఇవ్వవని వాళ్లకు ముందే అనిపించి ఉంటే ఎందుకు చెప్తారు? ఇదీ రోలర్ లాంటిదే చూడు, చెప్తే తిట్లు, చెప్పకపోతే బతికిపోవచ్చు.

మీ షిఫ్ట్‌లో సగం మంది బీహార్ పిల్లలని రాశావు కదా. వాళ్లకు మేడారం లేదు, వాళ్లకు దీపావళి పోయిన ఆరో రోజు ఛఠ్ పండుగ, ఆ తర్వాత హోళీ. మనవాళ్లకు జాతర, సంక్రాంతి. ఇద్దరినీ కూర్చోబెట్టి జాతరకు మీరు కాయండి, హోళీకి వీళ్లు కాస్తారు అని మాట కలిపితే సగం గొడవ పోతుంది. నేను గోడకు ఒక కాగితం అతికించేవాణ్ని, ఎవరికి ఏ రోజు కావాలో మూడు వారాల ముందే వాళ్లే రాసుకోవాలి, ఒక రోజుకు నలుగురు దాటితే వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలి, నేను మధ్యలో పోను. మొదటిసారి కొట్లాడుకున్నారు. రెండోసారి ఒక బీహార్ పిల్లగాడు మనవాడి మొక్కు కోసం రెండు డ్యూటీలు చేశాడు, మనవాడు వాడికి మేడారం బెల్లం తెచ్చిపెట్టాడు. హోళీ దగ్గరికొచ్చింది, ఈ వారమే కాగితం పెట్టు. డబుల్ డ్యూటీ చేయిస్తే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి అని 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది, అది ఇప్పించే బాధ్యత కూడా నీ మీదే పెట్టుకో.

అన్నట్టు, మీ మిల్లులో అన్నింటికంటే సతాయించే మెషిన్ మీద ఎవరుంటారు? ఎప్పుడూ బీహార్ పిల్లలేనా? మా ఊళ్లో చెరువు నీరటి ఉండేవాడు, తూము తీశాక ముందు చివరి మడి దాకా నడిచిపోయి అక్కడ తడిసిందో లేదో చూసి వచ్చేవాడు, తూము పక్కన పొలం ఉన్న పటేలు ఎంత అరిచినా సరే. నువ్వూ అలాగే చివరివాణ్ని ముందు చూడు, ఆ సతాయించే మెషిన్ మీదికి వారానికొకరిని మార్చు, మన భాష రానివాడు నోరు తెరిచి అడగలేడని ఎప్పుడూ వాణ్నే నిలబెట్టకు.

సేటు దగ్గరికొద్దాం. ఆయన భాష రూపాయలు, కాబట్టి ఆ భాషలోనే మాట్లాడు. 170 కిలోల బేలు ఒకటి కావాలంటే దాదాపు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8110, అంటే ఒక్క బేలులో పత్తే 40 వేలు దాటుతుంది. దూది గది అంటుకుంటే ఎన్ని బేళ్లు పోతాయో ఆయనే లెక్కేసుకుంటాడు. పది నిమిషాలు మెషిన్ ఆపితే దూది ఎక్కడికీ పోదు, కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. ఈ లెక్క కోపంలో ఉన్నప్పుడు చెప్పకు, మధ్యాహ్నం తిన్న తర్వాత చెప్పు.

రాత్రి పదకొండు ఫోన్ ఆగాలంటే పదిన్నరకే నువ్వు మెసేజ్ పెట్టెయ్. నాలుగు లైన్లు: ఎన్ని బేళ్లు, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, రేపటికి ఏం కావాలి. పత్తి తేమ కూడా రాయి. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కూడా 12 శాతం తేమ దాటితే కొనదు, అలాంటి తడి పత్తి లారీలు ఎనుమాముల మార్కెట్ నుంచి దిగిన రోజు మెషిన్లు నడవడమే కష్టం, బేళ్లు తగ్గుతాయి, ఆ సంగతి నీ పుస్తకంలో ఏ రోజుకారోజు రాసి ఉంటే నెలాఖరున నిన్ను తిట్టడానికి ఆయనకు సందు దొరకదు. ఫోన్ చేసేది నీ మీద అనుమానంతోనే అనుకోకు, చాలావరకు అప్పుల మనిషి నిద్రపట్టక చేస్తాడు. పది రోజులు టైముకు మెసేజ్ వస్తే చేయడం మానేస్తాడు. మానకపోయినా పోయేదేముంది, "సేటూ, మెసేజ్ చూడుండ్రి" అని పడుకోవచ్చు.

అందరి ముందు తిట్టడం గురించి కూడా ఒకసారి ఆయనతో చెప్పాల్సిందే. "నన్ను ఎంతైనా అనుండ్రి, గదిల అనుండ్రి. షిఫ్ట్ ముందట అంటే రేపు నా మాట ఎవలు ఇంటరు, నష్టం మీకే" అను. మా సేటు ఒకాయన ఈ మాటకు నవ్వి, మర్నాడు మళ్లీ అందరి ముందే తిట్టాడు, వారం తర్వాత మానేశాడు. కొందరు అస్సలు మానరు. అలాంటి చోట రెండు సీజన్లకు మించి ఉండకు.

ఆ 500 కోత మాత్రం ఊరికే వదలొద్దు. అందరి కూలిలో గంపగుత్తగా కోయడం చట్టం ముందు నిలవదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఉంది, నష్టం ఫలానా మనిషి అజాగ్రత్త వల్లే జరిగిందని తేలాలి, కోసేముందు అతను తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, జరిమానా అయితే ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో కూడా ఈ 3 శాతమే ఉంది. ఇది పట్టుకొని సేటు మీదికి యుద్ధానికి పొమ్మని కాదు, పోయి "ఈ కోత వెనక్కి ఇయ్యుండ్రి, ఇంకోసారి మెషిన్ పాడయ్యే ముందట మీకు కబురు తెచ్చే పూచీ నాది" అని అడుగు. ఇస్తే, ఎవరి వల్ల వచ్చిందో షిఫ్ట్‌కు నువ్వు చెప్పుకోనక్కర్లేదు, గుమాస్తా చెప్తాడు. ఇవ్వకపోయినా నువ్వు అడిగావన్నది కూడా గుమాస్తానే చెప్తాడు, వాళ్ల నోట్లో ఏ మాటా ఆగదు కదా.

ఫిట్టర్ పనికే పోతానంటావా, పో, తప్పేం లేదు, మంచి ఫిట్టర్ దొరకడమే కష్టంగా ఉంది. కానీ ఈ సీజన్ ముగిసేదాకా ఆగు. పత్తి తగ్గాక, ఏప్రిల్‌లో, మెషిన్లన్నీ విప్పి పెట్టుకుని నువ్వూ కాకా ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నిర్ణయించుకో.

రేపు డ్యూటీకి పోగానే ఒక పని చెయ్. గేటు దగ్గర ఎర్రబకెట్లు వేలాడుతుంటాయి కదా, వాటిలో ఇసుక ఉందో, గుట్కా ఉమ్మి ఉందో చూడు. చూసి, ఎవరు ఉమ్మారని అడగకు.